రెండు శాతం దాతలు

కంపెనీల చట్టం-2013, సెక్షన్ 135 ప్రకారం లాభాలు దండిగా ఉన్న కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజసేవకు ఖర్చు పెట్టాలి. చుట్టుపక్కల ఊళ్లకే ముందు పెట్టమనీ చట్టం చెబుతోంది. అంటే ఇది చచ్చినట్టు పెట్టాల్సిన ఖర్చే. ఫ్లెక్సీ మీద మాత్రం ‘దానకర్ణుడు’!

కంపెనీ ఫౌండేషన్ వారు ఊరి బడికి మంచినీళ్ల ప్లాంటు ఇస్తారు. రిబ్బను, కొబ్బరికాయ, ఛైర్మన్ గారికి శాలువా, పొద్దుట్నుంచీ ఎండలో నిలబెట్టిన పిల్లల చప్పట్లు. ఆర్నెల్లకు ఫిల్టరు పోతుంది. హెడ్మాస్టరు ఫోన్ చేస్తే, ‘అది పోయినేడాది పద్దు కదండీ’ అని జవాబు. నీళ్లు ఆగినా కంపెనీ పేరు మాత్రం తళతళా మెరుస్తూనే ఉంటుంది. స్టీలు అక్షరాలు మరి!

అసలు ఊరి బోరు చెడింది తమరి ఫ్యాక్టరీ నీళ్ల వల్లే కదా అని అడిగారా... అది వేరే డిపార్ట్‌మెంటండీ!