ఇరవై అయిదో జత

విజయవాడలో ఓ కంపెనీ బ్రాంచి. పాత ఇంటర్‌కమ్ పెట్టె పాడైపోతే కొత్తది బిగించడానికి ఓ కుర్రాడు వచ్చాడు. గోడలోంచి దిగిన లావుపాటి కేబుల్, దాని కొసన 50 పిన్నుల కనెక్టరు, పక్కన క్రోన్ మాడ్యూళ్ల నిండా రంగురంగుల తీగలు. ఏ తీగ ఏ టేబుల్‌కు పోతుందో రాసి అంటించిన చీటీలు ఎప్పుడో వెలిసిపోయాయి. చేసేది లేక, అప్పట్లో ఆ లైన్లు లాగిన పెద్దాయనకు కబురు పెట్టారు.

"మొత్తం ఎన్ని జతలు బాబాయ్?"

"ఇరవై అయిదు. రాసుకో. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా. ఇవి అయిదు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. ఇవి అయిదు. తెలుపు-నీలం ఒకటో నంబరు, తెలుపు-నారింజ రెండు. తెలుపుతో అయిదూ అయ్యాక ఎరుపు అందుకో. ఎరుపు-నీలం ఆరు. అట్లా పోతే ఆఖరిది ఊదా-బూడిద."

కుర్రాడు తీగ తొక్క ఒలవబోతే పెద్దాయన చెయ్యి పట్టుకున్నాడు. "క్రోన్‌కు ఒలిచే పని లేదురా. గాడిలో పెట్టి టూల్‌తో నొక్కు. క్లిప్పు అంచులే తొక్క కోసి రాగిని పట్టుకుంటాయి."

అంతలో మేనేజరుగారు వచ్చారు. "ముందు ఫిర్యాదుల ఫోను సంగతి చూడండయ్యా. మా బ్రాంచికి పేరొచ్చిందే దానివల్ల. ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు వస్తే ఒట్టు!" అంటూ గోడకున్న షీల్డులు చూపించారు.

ఒక్కో లైనూ దొరుకుతోంది. మిగిలింది ఊదా-బూడిద. మాడ్యూల్లో దాని గాడి ఖాళీ. కుర్రాడు వెనక్కి చెయ్యి పోనిచ్చి వెతికితే, కొసలు మడిచి టేపు చుట్టి కనిపించింది.

"ఇది దేనిది బాబాయ్?"

"ఫిర్యాదుల ఫోనుది."

మేనేజరుగారు గతుక్కుమన్నారు. "మరి ఫోన్ చేసినవాళ్లకు రింగయ్యేదిగా?"

"వాళ్లకు వినపడేది పెట్టె చేసే చప్పుడు సార్. ఇక్కడ ఫోను మోగిందా లేదా అన్నది దానికి అనవసరం."

"ఎవడయ్యా ఈ పని చేసింది?"

"నేనే సార్. అప్పటి మేనేజరుగారు చెయ్యమన్నారు."

"ఎవరాయన? ఇప్పుడెక్కడ ఏడుస్తున్నాడు?"

"హెడ్డాఫీసులో సార్. ఏటా మీకు ఆ షీల్డు పంపేది ఆయనే."

సాయంత్రం కుర్రాడు రాసిచ్చిన బిల్లు మీద మేనేజరుగారు మారుమాట లేకుండా సంతకం పెట్టారు. కలిపిన లైన్లు: 24.