లోకల్ కంపెనీ ఎక్కడ దొరుకుతుంది?

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ అధ్యక్షుల వారికి,
నానక్‌రామ్‌గూడ, హైదరాబాదు.

మహాశయా,

మా చిన్న కారు పాలసీ గడువు నెలాఖరుతో తీరిపోతుంది. పెద్ద కంపెనీలో ఫోన్లోనే తీసుకోమని మా అల్లుడు, ఊళ్లో మనిషి ఉన్నచోటే చేయించమని మా బావమరిది. ఒకరి మాట వింటే రెండోవారు సంక్రాంతికి రారు. అందుకని తమకు రాస్తున్నాను.

అమెరికాలో ఒకటి రెండు రాష్ట్రాలకే పరిమితమైన కారు బీమా కంపెనీలు కూడా ఉన్నాయని డాలస్ నుంచి మా అమ్మాయి చెబుతుంది. మన దగ్గర 1973లో 107 కంపెనీలను కలిపి నాలుగు చేశారు. 1999 తర్వాత తలుపులు తీశారు గానీ, లోపలికి రావాలంటే 100 కోట్ల మూలధనం చూపించమన్నారు. అంత డబ్బున్నవాడు విజయవాడ గవర్నర్‌పేటతో సరిపెట్టుకుంటాడా? కాబట్టి మాకు లోకల్ అంటే బ్రాంచి ఆఫీసు, ఇంకా చెప్పాలంటే స్కూటర్ మీద వచ్చే ఏజెంటు గారు.

ధర చూసి తేల్చుకుందామంటే థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వమే కట్టేసింది. 1000 సీసీ లోపు కారుకు 2022 జూన్‌లో పెట్టింది 2,094 రూపాయలు, ఏ కంపెనీకి వెళ్లినా అంతే. తేడా అంతా సొంత బండి నష్టం తాలూకు ప్రీమియంలోనే. అల్లుడు చూపించిన చవక పాలసీని కళ్లజోడు పెట్టుకుని చూస్తే, బండి విలువనే తగ్గించి రాశారు. బండి దొంగలెత్తుకుపోతే చేతికొచ్చేది ఆ తగ్గించిన విలువే. బంపరు విరిగితే ప్లాస్టిక్ అని సగం కోసుకుంటారు. జీరో డిప్రిసియేషన్ తీసుకోకపోతే ఆ కోత ఎక్కడైనా తప్పదు.

బావమరిది వాదన బుడమేరు వరద నీళ్లలోంచి పుట్టింది. 2024 సెప్టెంబరులో సింగ్‌నగర్ మునిగినప్పుడు మా వీధి ఏజెంటు గారు ఇంటింటికీ ఫోన్ చేసి ఒకటే మాట చెప్పారు: “నీళ్లు దిగినా తాళం తిప్పొద్దు, ముందు బండిని లాక్కెళ్లనివ్వండి.” నీళ్లు దూరిన ఇంజిన్‌ను స్టార్ట్ చేసి పాడుచేసుకుంటే, ఇంజిన్ ప్రొటెక్ట్ లేని పాలసీలో ఆ నష్టానికి పైసా రావడం కష్టం. ఆ ముక్క పాలసీ కాగితంలో ఉండే ఉంటుంది, చదివినవాడిని మాత్రం మా వీధిలో నేను చూడలేదు. అల్లుడి కంపెనీ కూడా ఆ ఉదయం మెసేజీ పంపింది, రెన్యువల్ మీద డిస్కౌంటు ఉందని.

అలాగని ఏజెంటు గారిని నెత్తిన పెట్టుకోలేను. క్లెయిము పాస్ చేసేది ఆయన కాదు. సర్వేయరు లెక్క రాస్తాడు, ఎక్కడో కూర్చున్న ఆఫీసరు సంతకం పెడతాడు. పెద్దదైతే గట్టిదనుకుందామా అంటే, ప్రభుత్వ రంగంలోని నాలుగు పెద్ద కంపెనీల్లో మూడు కొన్నేళ్లపాటు తమరు విధించిన 1.5 సాల్వెన్సీ నిష్పత్తిని అందుకోలేకపోయాయి. ప్రైవేటు పెద్దల గట్టిదనం టీవీ ప్రకటనల్లో బాగానే కనిపిస్తుంది.

తమరు ఏటా కంపెనీలవారీగా క్లెయిముల నిష్పత్తి ప్రకటిస్తారు. దేశమంతటి బళ్లూ కలిపిన ఆ అంకె చూసి బెంజ్ సర్కిల్ దగ్గర గుద్దుకున్న నా బండి సంగతి ఎలా తెలుసుకోను? ఒక్కో బ్రాంచి ఎన్ని రోజుల్లో డబ్బిచ్చింది, అడిగినదాంట్లో ఎంత కోసింది, ఈ రెండూ జిల్లాలవారీగా, తెలుగులో, ఆఫీసు గోడకు అంటించేలా ఆజ్ఞాపించండి. అప్పుడు అల్లుడినీ బావమరిదినీ ఆ గోడ దగ్గరికే పంపిస్తాను.

జవాబు కాస్త త్వరగా ఇప్పించండి. నో క్లెయిమ్ బోనస్ 90 రోజులు ఆగుతుంది గానీ, పాలసీ లేని బండికి 2,000 జరిమానా రాసే కానిస్టేబుల్ గారు ఒక్కరోజు కూడా ఆగరు.

ఇట్లు,
తమ విధేయుడు,
మారుతి యజమాని, విజయవాడ