ప్రోత్సాహం, రెండు డోసులు

2024 ఫిబ్రవరి 1, గురువారం నాడు, మధ్యంతర బడ్జెట్ చదువుతూ ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పని ఒక్క వాక్యంలో పట్టేశారు. 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు టీకాను ప్రభుత్వం 'ప్రోత్సహిస్తుంది' అన్నారు. వేస్తుంది అనలేదు. కొంటుంది అనలేదు. (మర్నాడే ఒక నటి ఇదే జబ్బుతో పోయిందని ప్రకటన వచ్చింది, ఆ మర్నాడు అవగాహన కోసమేనంటూ లేచి కూర్చుంది. ఆ ప్రోత్సాహం వేరు.)

నవ్వకండి. ప్రోత్సాహమంత చవకైన మందు నేనింతవరకు చూడలేదు. ఐసుపెట్టె అక్కర్లేదు, కరెంటు పోయినా చెడిపోదు. సూది లేదు, దూది లేదు, చెయ్యి వాయదు. నర్సమ్మ ఖాళీ డబ్బా భుజాన వేసుకుని తండాకు వెళ్తుంది, పిల్లల్ని వరసలో నిలబెడుతుంది, చప్పట్లు కొడుతుంది. అది మొదటి డోసు. ఆర్నెల్లకు రెండోది: ఈల. బూస్టరు కావాలంటే పెద్దసారు వచ్చి భుజం తడతారు, ఫొటో కూడా ఉంటుంది.

"మరి టీకా ఏదమ్మా?" అని ఏ తల్లో అడక్కపోదు.

"బజార్లో ఉందక్కా. మన దేశంలో తయారైందే. డోసు రెండు వేలు. నీ బిడ్డ వయసుకు రెండు చాలు."

"నాలుగు వేలా? ఎక్కడ తెచ్చేది?"

"అందుకే గదా, ప్రోత్సహించడానికి వచ్చిన!"

ఈ జబ్బు తెచ్చే వైరస్‌కు కులమతాలు లేవంటారు. జబ్బుకు మాత్రం చిరునామాలు బాగానే తెలుసు. అరుణాచల్‌లోని పాపుం పారే జిల్లాలో లక్ష మంది ఆడవాళ్లకు ఏటా 27 మందికి పైగా దీని బారిన పడుతున్నారని క్యాన్సర్ రిజిస్ట్రీ లెక్క. పక్క అస్సాంలోని డిబ్రూగఢ్‌లో ఐదుగురు. ఎందుకింత తేడా? నా అనుమానం, కొండలు అడ్డొచ్చి చప్పట్లు వినబడి ఉండవు. దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ జబ్బు పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మిగతా 98 మందికి ఉత్సాహం తక్కువ, అంతే. సిక్కిం వాళ్ల అమాయకత్వం చూడండి: చప్పట్లు కొట్టడం చేతగాక, 2018లో బడికి పోయి ఆడపిల్లలకు సూదులే వేసేశారు.

అసలు ఈ ప్రోత్సాహం మనకు కొత్తా? 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకు ఇదే జబ్బు టీకా ఊరికే వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో చదివే గిరిజన పిల్లలు. పాత్ అనే అమెరికా సంస్థ, మన ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ కలిసి చేసిన అధ్యయనం అది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు, 1,948 మీద వేలిముద్రలు. తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు, 2010లో పని ఆగిపోయింది. ఆ చావులకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు. నేనూ నమ్ముతాను. టీకా మంచిదే. 2013లో పార్లమెంటరీ సంఘం దులిపేసింది టీకాను కాదు, ఆ సంతకాల్ని.

ఆ రోజు డోసు రెండు వేలని ఎవరూ అనలేదు. అడవిలో దారి దొరకలేదనీ అనలేదు. ఐసుపెట్టెలు భద్రాచలం దాకా చల్లగానే చేరాయి. చూసి రాసుకోవడానికి ఆ పిల్లల చేతులు కావాలి గనక చేరాయి. ఇప్పుడు రాసుకోవడం అయిపోయింది, మందు పనిచేస్తుందని ప్రపంచమంతా తేలిపోయింది, మనదేశంలో ఏటా 75 వేల మందికి పైగా ఆడవాళ్లు దీంతో చస్తున్నారు. ఇప్పుడా పిల్లలకు చెల్లెళ్లున్నారు, కొందరికి కూతుళ్లు. వాళ్లకి మాత్రం 2024 బడ్జెట్లో క్రియాపదం మారింది. సిగ్గుండాలి.

మా మనవరాలికి 2023లోనే వేయించాం. ఏసీ గది, చేతికి చాక్లెట్. రెండు డోసులూ అయ్యాయి. మమ్మల్నెవరూ ప్రోత్సహించలేదు, బిల్లు కట్టమన్నారంతే.