కదలకుండా ఉండవలసినవారు

ఛాయాచిత్రకళలో ఎవరో ఒకరు కదలకుండా ఉండి తీరవలసిందేనన్న నియమం ఆ కళ పుట్టిన నాటి నుంచీ అమలులో ఉంది; కాలక్రమంలో మారినదల్లా ఆ బాధ్యత ఎవరి మీద పడుతున్నదన్నదే. 1838లో లూయీ డాగేర్ పారిస్‌లోని బులెవార్ ద్యు తాంప్ల్ అనే వీధిని వెండిపూత గల రాగిరేకు మీద చిత్రించినప్పుడు, కాంతిపాత సమయం, అనగా కెమెరా కన్ను తెరిచి ఉంచవలసిన కాలం, కొన్ని నిమిషాలు పట్టడంతో నడిచిపోతున్న జనమూ, బండ్లూ ఆనవాలు లేకుండా మాయమై, బూట్లకు పాలిష్ చేయించుకుంటూ ఒకచోట నిలిచిన పెద్దమనిషి మాత్రం ఆకారం తెలిసేలా మిగిలాడు. పాలిష్ చేస్తున్నవాడు, చేతులు ఆడించిన పాపానికి, మసకబారిపోయాడు.

డాగేర్‌ను సత్కరించిన ప్రభుత్వం తాను కనిపెట్టిన ఛాయాచిత్ర పద్ధతిని పట్టించుకోలేదని నొచ్చుకున్న ఇపొలిత్ బయార్, 1840లో తాను నీట మునిగి చనిపోయినట్టు కళ్లు మూసుకుని తన చిత్రాన్ని తానే తీసుకుని, దాని వెనుక తన మరణకారణాన్ని సవివరంగా రాసిపెట్టాడు. శవానికి కదలిక ఉండదు గనుక కాంతిపాత సమయం ఎంత సాగినా చెడిపోయేది లేకపోవడం ఈ భంగిమలోని సాంకేతిక సౌలభ్యం. అలిగి పెట్టే వాట్సాప్ స్టేటస్‌కు ఆద్యుడిగా గౌరవించదగిన ఈ కళాకారుడు ఆ తరువాత 1887 వరకు జీవించాడు.

సెల్‌ఫోన్ కెమెరా రెప్పపాటులోనే పని ముగించడం వల్ల చిత్రంలోనివారికి విముక్తి లభించింది గాని, నియమం రద్దు కాలేదు. బొటనవేలితో తెరను పైకి తోసుకుంటూ పోయే చూపరిని రెండు క్షణాలు కదలకుండా నిలపడమే ఇప్పటి కళకు పరమార్థం అయింది. 2010 అక్టోబరులో వచ్చిన ఇన్‌స్టాగ్రామ్ ఇందుకు ఫిల్టర్లను, అనగా ఒక్క స్పర్శతో చిత్రపు రంగులనూ వెలుగునూ మార్చివేసే సిద్ధసూత్రాలను, అందించింది. వాటిలో ఎక్స్-ప్రో టు అనేది, స్లైడు ఫిల్మును నెగటివ్‌కు ఉద్దేశించిన రసాయనాలలో కడిగినప్పుడు రంగులు వికటించే తీరును అనుకరిస్తుంది. పూర్వం ఏ ఊరి స్టూడియోవారైనా పెళ్లి ఫోటోలను అలా కడిగి ఇచ్చి ఉంటే, డబ్బు తిరిగి ఇచ్చినంత మాత్రాన వ్యవహారం తెగేది కాదు.

చూపరిని ఆపే మరొక ఉపాయం పరిమాణ భ్రమ: దూరాన ఉన్న పెద్ద వస్తువునూ, దగ్గర ఉన్న చిన్న వస్తువునూ ఒకే తలంలో ఉన్నట్టు చూపి, చార్మినార్‌ను రెండు వేళ్ల మధ్య ఇరికించడం, తాజ్‌మహల్ శిఖరాన్ని పట్టి పైకెత్తడం, పీసా గోపురం పడిపోకుండా అరచేత్తో ఆపడం దీని ప్రధాన ప్రయోగాలు. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్ట్లే కెమెరా మాయలకు నోరు తెరిచిన జాతికి ఇది వింతేమీ కాదు గాని, బార్ట్లేకు స్టూడియో ఉండేది. చార్మినార్ ఎదుట ఛాయాగ్రాహకుడు నడిరోడ్డు మీద బోర్లా పడుకుని, “ఇంకాస్త కుడికి, నా కుడి కాదురా, నీ కుడి” అని అరుస్తుండగా, అతని బావమరిది శూన్యాన్ని చిటికెడు పట్టుకుని నిలబడితే, గాజులు కొనడానికి వచ్చినవారూ, ఆటోలవారూ ఆగి చూస్తారు. ఆ తరువాత ఫోటో చూసి ఆగేవారి సంఖ్య ఆ గుంపును దాటిన సందర్భాలు అరుదు.

ఇంత శ్రమతో పుట్టిన చిత్రం కుటుంబ బృందానికి చేరేటప్పుడు కుదింపుకు గురవుతుంది, అనగా పంపడం తేలిక కావడానికి వాట్సాప్ అందులోని వివరాలను తగ్గించివేస్తుంది. దీన్ని తప్పించడానికి డాక్యుమెంట్‌గా పంపినట్టయితే, అది ఏ భూమి కాగితమోనని భయపడి పెద్దలు తెరవరు, మామూలుగా పంపితే తెరిచి, “వెనకాల ఆటోలో కూర్చున్నది మన సుబ్బారావు గారి అబ్బాయి కాదూ?” అని బాబాయి అడుగుతారు.

అసాధారణ కళ విషయంలో బృందం మరింత శాస్త్రీయంగా వ్యవహరిస్తుంది. కళాకారుడు మౌరిజియో కాటెలాన్ 2019 డిసెంబరులో మయామీ బీచ్‌లోని కళా ప్రదర్శనలో అరటిపండును బూడిదరంగు టేపుతో గోడకు అంటించి ‘కమెడియన్’ అని పేరు పెట్టగా, దాని ఒక ప్రతి 1,20,000 డాలర్లకు అమ్ముడైంది. 2024 నవంబరులో న్యూయార్క్ వేలంలో మరొక ప్రతి రుసుములతో కలిపి 62 లక్షల డాలర్లు పలికింది. కొన్నవారికి నిజంగా దక్కేది ధ్రువపత్రమూ, అంటించే విధానమూ మాత్రమే. పండు పాడైనప్పుడల్లా కొత్తది తెచ్చుకోవాలి. ఆ వేలంలో కొన్నాయన కొద్ది రోజులకే హాంకాంగ్‌లో దాన్ని తినేశాడు. భావ ప్రధాన కళ, అనగా వస్తువుకన్నా ఆలోచనకే విలువ కట్టే కళ, గురించి మేనల్లుడు ఇంత వివరించాక బృందంలో తేలిన ప్రశ్న ఒక్కటే: అది చక్కెరకేళియా, అమృతపాణియా? ఇందుకు సమాధానం కళావిమర్శకులెవ్వరూ ఇవ్వకపోవడం విచారకరం.

ఇక 2017లో వాట్సాప్ ప్రవేశపెట్టిన స్టేటస్ చిత్రాన్ని 24 గంటలు మాత్రమే నిలిపి, ఎవరెవరు చూశారో పేర్లతో సహా కళాకారుడికి తెలియజేస్తుంది. చూసినవారు రెండు క్షణాలలో దాటిపోగా, ఆ జాబితాను కళాకారుడు మాత్రం పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా కదలకుండా పరిశీలిస్తాడు. చూడనివారికి నెట్‌వర్క్ లేదని సర్దిచెప్పుకోవచ్చు. చూసి కూడా ఊరుకున్న మేనమామ సంగతి వచ్చే పెళ్లిలో తేలుతుంది.