ముందు సున్నా, వెనక లెక్క

చేవెళ్ల చౌరస్తాలో ఏ కిరాణా కొట్టుకైనా వెళ్లి ఫ్రిజ్ వైపు ఒకసారి చూడండి. పై అరలో 'ఎనర్జీ' అమ్ముతుంటారు, కింది అరలో 'జీరో క్యాలరీ' అమ్ముతుంటారు. లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడెక్కించడానికి ఎంత శక్తి పడుతుందో, పొట్లం మీద రాసే క్యాలరీ అంత. అంటే పై అరలో శక్తి ఉన్నందుకు డబ్బులు, కింది అరలో లేనందుకు డబ్బులు. లేని సరుకును ఫ్రిజ్‌లో పెట్టి అమ్మడం మన తాతల కాలం షావుకార్లకు తట్టని విద్య.

రెండు అరలకూ గిరాకీ వేరు. పొద్దున్నుంచి ఎండలో క్యారెట్ పీకి, కడిగి, బస్తాలకెత్తిన కూలీ మనిషి ఇరవై రూపాయలు పెట్టి పై అర సీసా కొంటాడు. శనివారం మొయినాబాద్ ఫామ్‌హౌస్‌కు దిగిన సారు, వారమంతా కుర్చీలో కూర్చున్న పాపానికి కింది అర డబ్బా కొంటాడు. మొదటి మనిషికి నిజంగానే తిండి కావాలి. ఆ సీసాలో దొరికేది చక్కెర నీళ్లు, కెఫీన్. కెఫీన్ లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల మధ్య ఉండాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ నిబంధన. అది అలసటను తీర్చదు, కాసేపు కనపడకుండా చేస్తుంది. రెండు జొన్నరొట్టెలు, ఇంత పప్పు చేసే పనిని సీసా చేస్తుందని గోడల మీద రాయించినవాళ్లు, పిల్లలూ గర్భిణులూ తాగరాదన్న మాటను మాత్రం సీసా చుట్టూ చీమ తలకాయంత అక్షరాల్లో వేస్తారు. ఈమధ్య మూడో రకం కూడా దిగింది: చక్కెర లేని ఎనర్జీ డ్రింక్. శక్తి లేని శక్తి పానీయం! దీన్ని కనిపెట్టినవాడికి దండం పెట్టాలి.

ఇక బీట్‌రూట్ సంగతి. చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి చేలల్లో పండే క్యారెట్, బీట్‌రూట్ తెల్లారకముందే బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల కింది నుంచి నగరానికి పోతాయి. గోనెసంచి మీద 'లో క్యాలరీ' అని ఎవరూ రాయరు. నిజానికి రాసుకునే అర్హత ఉన్నది దానికే. పచ్చి బీట్‌రూట్ వంద గ్రాములకు ఇంచుమించు నలభై క్యాలరీలు, తక్కినదంతా దాదాపు నీళ్లే. మన దేశంలో ఘనాహారం 'తక్కువ శక్తి' అని చెప్పుకోవాలంటే చట్టం పెట్టిన హద్దు కూడా వంద గ్రాములకు 40 క్యాలరీలే. ఆ హద్దులో బిస్కెట్టు ఏ జన్మకూ ఇమడదు. అందుకే కంపెనీలు ఆ మాట జోలికి పోకుండా 'లైట్' అంటాయి, 'ఫిట్' అంటాయి, 'గిల్ట్ ఫ్రీ' అంటాయి. అపరాధ భావనకు చట్టంలో కొలత లేదు కదా.

అదే బీట్‌రూట్ మెరిసే పొట్లంలో చిప్స్ అయి మళ్లీ ఈ ఊరికే వస్తుంది. ముందువైపు ఎర్రటి దుంప బొమ్మ, పచ్చటి ఆకు, 'ఒక్క వడ్డనకు 104 క్యాలరీలే' అన్న పలకరింపు. వెనక్కి తిప్పితే వడ్డన అంటే 20 గ్రాములు. పొట్లం 60 గ్రాములు. బస్సు చేవెళ్లలో కదిలి మొయినాబాద్ చేరేలోపు మూడు వడ్డనలూ ఒకే మనిషి పొట్టలోకి పోతాయి, అంటే 312. పచ్చి దుంపలుగా తిని అన్ని క్యాలరీలు పొందాలంటే ముప్పావు కిలో నమలాలి, దవడలు ఒప్పుకోవు. కంపెనీ చేసిన ఉపకారమల్లా నీళ్లు తీసేసి నూనె పట్టించడం. నూనె ఏదైనా గ్రాముకు తొమ్మిది క్యాలరీలు. ఆలివ్ నూనె విమానమెక్కి వచ్చిందని ఒక్కటీ తగ్గించదు.

చక్కెర లేని బిస్కెట్టుది ఇంకో కథ. చక్కెర గ్రాముకు 4 క్యాలరీలు. దాన్ని తీసేస్తే బిస్కెట్టులో ఖాళీ మిగులుతుంది, ఆ ఖాళీని మైదాతోనో మాల్టోడెక్స్‌ట్రిన్‌తోనో పూడుస్తారు. వాటిలోని పిండిపదార్థానిదీ గ్రాముకు 4. షుగర్ ఉన్న పెద్దాయన "ఇందులో తీపి లేదులేవయ్యా" అని ధైర్యంగా అరడజను లాగిస్తాడు. కృత్రిమ తీపి పదార్థాలను బరువు తగ్గడానికి నమ్ముకోవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే నెలలోనే చెప్పింది. ఆ మాట కిరాణా కొట్టు దాకా రాలేదు, బిస్కెట్టు వచ్చింది.

మొయినాబాద్ ఫంక్షన్ హాళ్లలో ఇప్పుడు 'హెల్త్ కౌంటర్' లేకపోతే పెళ్లివారికి పరువు తక్కువ. అక్కడ కొర్రల బిర్యానీ. కొర్రలైనా జొన్నలైనా బియ్యమైనా పచ్చి గింజ వంద గ్రాములకు దాదాపు 330 నుంచి 360 మధ్యే. చిరుధాన్యాల గొప్పతనం పీచులో ఉంది, దాన్ని నేను కాదనను. కానీ ఆ బిర్యానీలో నెయ్యి చేయి జారినట్టు పోసి, పక్కన డబల్ కా మీఠా పెట్టి, చివర్లో జీరో సోడా అందిస్తే, ఆ సున్నా వెనకటి అంకెలన్నిటినీ కొట్టేస్తుందా?

పొట్లం మీది శాతాల్లోనూ మాయ ఉంది. అందరికీ రోజుకు 2000 క్యాలరీలు చాలన్న లెక్క మీద వాటిని వేస్తారు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో, కూర్చుని పనిచేసే మగవాడికి 2110, ఆడమనిషికి 1660. కాబట్టి పొట్లం మీద పది శాతం అని ఉన్నది ఆమెకు పన్నెండు శాతం. చిలీ దేశంలో 2016 నుంచి చక్కెర, కొవ్వు, ఉప్పు, క్యాలరీలు మితిమీరిన సరుకు ముందువైపే నల్లటి అష్టభుజి ముద్ర వేస్తున్నారు. మన ఆహార భద్రతా సంస్థ 2022లో తెచ్చిన ముసాయిదాలో ముద్రకు బదులు నక్షత్రాలు పెట్టింది. ఎంత చెడ్డ సరుకుకైనా అర నక్షత్రం తప్పదు. హాజరైనందుకు మార్కులన్నమాట.

నేనడిగేది చిన్న సంగతి. ముందువైపు దుంప పేరు ఎంత లావు అక్షరాల్లో ఉందో, అంత లావున పొట్లం మొత్తానికి ఎన్ని క్యాలరీలో వేయండి. వడ్డనలూ శాతాలూ వద్దు. అది కూడా తెలుగులో. చట్టం ప్రకారం పొట్లం మీది వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగులో వేయడం కంపెనీల దయ. గోడ మీద ప్రకటన రాయించేటప్పుడు మాత్రం ఆ దయ ఎక్కడినుంచి పుట్టుకొస్తుందో, ఒక్క అక్షరం తప్పు లేకుండా తెలుగులో రాయిస్తారు.