ముందు బంతి ఎవరిది?

మా రోజుల్లో నూజివీడు తోటల్లో విందుకి ముహూర్తం పెట్టేది మామిడి చెట్టు. ఇప్పుడు క్యాలెండరు పెడుతోంది. జనవరిలో పూత ఇంకా విచ్చుకుంటూ ఉండగానే "మే మొదటి ఆదివారం రసాల పండగ" అని పోస్టర్లు వేసేస్తున్నారు, టికెట్లు అమ్మేస్తున్నారు. ఆ పూతకి తేనెమంచు పురుగు పడుతుందో, తామర పురుగు పడుతుందో, నిలిచిన పిందెను ఈదురుగాలి ఎంత రాలుస్తుందో అప్పటికి ఎవడు చెప్పగలడు? పెద్ద రసం చెట్టున ముదిరి, కోసి, వరిగడ్డిలో మాగి నోటికి అందేసరికి మే సగం దాటుతుంది. మొదటి ఆదివారానికి రసాలు కావాలంటే చెట్టు వింటుందా?

చెట్టు వినదు కాబట్టి లేత కాయ కోస్తారు. కార్బైడ్ వాడకూడదని చట్టం ఉంది, వాడనివాళ్ళు ఎథిలీన్ గదిలో పెడతారు. 100 పీపీఎం దాకా దానికి అనుమతి ఉంది. ఎథిలీన్‌ని నేను తప్పుపట్టను. ముదిరిన కాయకి అది సాయమే చేస్తుంది. ముదరని కాయకి మాత్రం రంగు తెస్తుంది, రుచి తేలేదు. ముదిరిన కాయను గుర్తుపట్టడం మా తోటలో పిల్లలకి కూడా తెలిసేది. తొడిమ చుట్టూ గుంట పడి భుజాలు పైకి లేవాలి. చెట్టున ఒకటీ అరా పండు దానంతటదే రాలాలి. అప్పుడే గెడకి చిక్కం కట్టేవాళ్ళం. ఇప్పుడు విందుకొచ్చినవాళ్ళు ఆ చిక్కం పట్టుకుని ఫొటోలు దిగుతారు, సరదాగా కాయ లాగుతారు. తొడిమ విరిగి సొన కాయ మీద కారుతుంది. సొన కారినచోట తోలు కాలి నల్లమచ్చ పడుతుంది, ఆ కాయ ఇక బేరానికి పనికిరాదు. తొడిమతో కోసి, బోర్లించి, సొన కారిపోయాక గంపలో పెట్టాలని ఒక్కమాట ముందుగా చెప్పేవాళ్ళుండరు.

విందుల ఏర్పాట్లు చూస్తూనే నా తల నెరిసింది. 1948 చట్టంతో జమీందారీలు పోయాయి, తోటలు ముక్కలై చేతులు మారాయి. ఆ తర్వాత కూడా మా వైపు పెద్ద తోటల్లో ఆఖరి కోత రోజున భోజనాలు పెట్టేవాళ్ళు. గాడిపొయ్యి తవ్వి గుండిగలు ఎక్కించేవాళ్ళం. మామిడికాయ పప్పు, ముక్కల పులుసు, పులిహోర, గడ్డ పెరుగు, ఆపైన తిన్నన్ని రసాలు. వచ్చేవాళ్ళు ఎవరు? చెట్లెక్కిన కోత జట్టు, గంపలు మోసిన ఆడవాళ్ళు, బండ్లవాళ్ళు, నెలల తరబడి రాత్రిళ్ళు తోటలో పడుకున్న కాపలావాళ్ళు, చుట్టుపక్కల రైతులు. పూత మీదే తోటను గుత్తకు పాడుకున్న షావుకారు కూడా వచ్చి కూర్చునేవాడు. మా తోటలో ముందు బంతి కోత జట్టుది. యజమాని నడుముకి తువ్వాలు చుట్టుకుని నెయ్యి వడ్డించేవాడు. అందరూ ఒకే బంతిలో కూర్చున్నారని అబద్ధం చెప్పను. కులాన్ని బట్టి ఆకులు దూరం జరిగిన రోజులు నేను చూశాను, అవి పోవడం మంచిదైంది. కానీ వాటితోపాటు ముందు బంతి కూడా ఎందుకు పోయింది?

ఇప్పుడు కోత జట్టుకి షెడ్డు వెనకాల పొట్లాలు ఇస్తున్నారు. కిందటి వేసవి ఒక విందులో, అతిథులు వచ్చే వేళకి జట్టువాళ్ళని కాస్త కనపడకుండా ఉండమన్నారు. అదే రోజు సాయంత్రం "రైతుతో మాటామంతీ" అని పెట్టి, ఒక రైతుకి దండ వేసి మైకిచ్చారు. ఆయన తామర పురుగు గురించి, మందుల ఖర్చు గురించి చెప్పడం మొదలుపెట్టగానే పాటలవాళ్ళకి టైమైందన్నారు. ఆయన మైకు చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంకో బాధ. పెద్ద రసాన్ని చాకుతో ముక్కలు కోసి ఫోర్కు గుచ్చి ఇస్తున్నారు. బంగినపల్లి కోసుకు తినే పండు, 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, దాని మర్యాద దానిది. రసం అలాంటిది కాదు. అరచేతుల మధ్య మెల్లగా పిసికి, ముచిక తీసి, మొదటి చుక్క పారబోసి, నోట పెట్టుకోవాలి. మోచేతి దాకా కారాలి. పక్కన చెంబుతో నీళ్ళు పెడితే చాలు.

ఆవకాయ సంగతి అయితే చెప్పక తప్పదు. ఈ విందుల్లో "ముప్పావుగంటలో ఆవకాయ నేర్చుకోండి" అంటారు. కాయ కడిగి, తడి లేకుండా తుడిచి, పెద్ద కత్తిపీట మీద టెంక ప్రతి ముక్కకీ అంటుకునేలా కొట్టి, లోపలి జీడి, పొర తీసి, ముక్కలు మళ్ళీ తుడిచేసరికే పూట గడుస్తుంది. ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వులనూనె కలిపి జాడీకెత్తాక మూడోరోజు తిరగకలపాలి, అప్పుడు ఉప్పు చూడాలి. ఇక్కడ సూపర్ మార్కెట్ ముక్కలు, పొట్లాల్లో ముందే కొలిచిన పొడులు, చిన్న సీసా. మూడోరోజు సంగతి ఎవరూ చెప్పరు. కొత్తపల్లి కొబ్బరి కాయో, చిన్న రసమో, జలాలో కూడా అడగరు. ఇంటికెళ్ళాక ఆ సీసా బూజు పడితే తోటకి చెడ్డపేరు.

ఈ విందులు వద్దనడం లేదు. నున్న మార్కెట్టుకి లారీ తోలి, తరుగు పేరుతో, కమీషన్ పేరుతో కోతలు పెట్టించుకున్న రైతుల మొహాలు నాకు గుర్తున్నాయి. తినేవాడే తోటకొచ్చి పెట్టె కొనుక్కుంటే రైతుకి రూపాయి మిగులుతుంది. పట్నం పిల్లలు పూత, పిందె, కాయ అని వేళ్ళు మడిచి చెబుతుంటే నాకు కడుపు నిండుతుంది. అందుకే ఈ వయసులోనూ విందు పెట్టే తోటకి పోతున్నాను.

మొన్న అక్కడ విందు ఏర్పాట్లు చూసే కుర్రాడు నా దగ్గరికొచ్చాడు. "బాబాయి గారూ, వచ్చే ఏడు కూడా అదే ఆదివారం పెడదామండీ, జనానికి అలవాటైంది" అన్నాడు. ఈ ఏడు కొమ్మలు విరిగేలా కాసింది, వచ్చే ఏడు బంగినపల్లి చెట్లు విశ్రాంతి తీసుకునే ఏడు కావచ్చు, ఏం చేస్తావయ్యా అన్నాను. "కాయ బయట్నుంచి తెప్పించి చెట్ల కింద పేరుద్దామండీ" అన్నాడు. కుర్రాడు చెడ్డవాడు కాదు, ఎవరూ చెప్పలేదు, అంతే. కూర్చోబెట్టి ఏటేటా కాపు ఎలా మారుతుందో చెప్పాను. కాపు లేని ఏడు కూడా జనాన్ని పిలు, కొమ్మ కత్తిరింపు చూపించు, అంటు కట్టడం చూపించు, ఖాళీ చెట్టు కింద పప్పన్నం పెట్టి ఈసారి కాయలేదని చెప్పు అన్నాను. టికెట్టు మీద తేదీకి బదులు "కాయ ముదిరాక కబురు చేస్తాం" అని వెయ్యమన్నాను. రానివాళ్ళకి డబ్బు తిరిగిచ్చేయమన్నాను.

ఆలోచిస్తానన్నాడు. తేదీ సంగతి యజమానితో మాట్లాడాలిట. ముందు బంతికి మాత్రం అక్కడే ఒప్పుకున్నాడు. కోత జట్టు లెక్క ఎంతో, ఎన్ని ఆకులు కావాలో రాసి ఇమ్మన్నాడు, రాసిచ్చాను.