విసనకర్ర గుర్తు: టీకా తాత్పర్య సహితం

మూలం

విసనకర్ర గుర్తు వెలిగెను ఫోనుపై
దినపు డేట యెల్ల దీరిపోయె
నెవరు తినిరి దాని నింటిలో దాగుండి
చెప్పవయ్య ఫోను చేతఁ బట్టి

అవతారిక

విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో టీవీ వెనక, షోకేసు మూలన రూటరు. అత్తగారి గది ఆ చివర, రెండు గోడలూ ఒక ఇనుప బీరువా దాటాక. రాత్రి భోజనాలయ్యాక ఆవిడ దిండుకు ఆనుకుని, ఫోను అడ్డంగా తిప్పి, సాయంత్రం తప్పిపోయిన సీరియల్ చూసుకుంటారు. ఒకనాడు సీరియల్ మధ్యలో, రోజువారీ డేటా నూటికి నూరు శాతం వాడేశారని సిమ్ కంపెనీ వారి మెసేజ్ వచ్చింది. ఇంట్లో నెలనెలా బ్రాడ్‌బ్యాండ్ బిల్లు కడుతూనే ఉన్నారాయె. అప్పుడు అల్లుణ్ణి ఉద్దేశించి ఆవిడ అన్న మాటలే ఈ ఆటవెలది. కోలాచలం మల్లినాథసూరి అనవసరమైనది రాయనని ముందే మాటిచ్చి వ్యాఖ్యానాలకు దిగాడు. ఈ వ్యాఖ్యాత అలాంటి మాటేమీ ఇవ్వలేదు.

ప్రతిపదార్థం

విసనకర్ర గుర్తు = కింద చుక్క, పైన వంపు గీతలు గల వైఫై చిహ్నము; ఫోనుపై = తెర పైఅంచున, బ్యాటరీ బొమ్మకు పొరుగున; వెలిగెను = వెలిగింది (ఎప్పుడన్నది ముందు విచారిస్తాం); దినపు = అర్ధరాత్రి దాటగానే మళ్లీ పుట్టేదైన; డేట = మొబైల్ డేటా (దీర్ఘం గణాలకు బలి అయింది); ఎల్ల = ఒకటిన్నర జీబీ మొత్తము; తీరిపోయెను = అయిపోయింది; ఇంటిలో దాగుండి = ఇంట్లోనే దాక్కుని; దానిన్ = ఆ డేటాను; ఎవరు తినిరి = ఎవరు తిన్నారు (ఈ బహువచనం గౌరవానికి కాదు, అనుమానితులు ఎక్కువ కాబట్టి); ఫోను చేతఁ బట్టి = ఊరికే కబుర్లు చెప్పక, ఫోను తీసుకుని చూసి; చెప్పవయ్య = చెప్పండి బాబూ అని భావం. అత్తగారు అల్లుణ్ణి ఏకవచనంలో పిలవరు. ఛందస్సు పిలిపించింది.

విచారణ

గుర్తు ఉంది కనుక వైఫై మీదే నడుస్తోందని అల్లుడి వాదం. ఇది పూర్వపక్షం. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పుందని ఊహించవచ్చునని తర్కసంగ్రహం చదివిన పిల్లవాడైనా చెబుతాడు. కానీ పొగమంచును చూసి పొగ అనుకున్నవాడి గతేమిటి? విసనకర్ర చెప్పేది ఒక్కటే: ఫోనుకూ రూటరుకూ మాట కలిసిందని. రూటరు నుంచి బయటికి దారి ఉన్నదీ లేనిదీ వేరే సంగతి. ఆ సంగతి ఫోనుకూ తెలుసు. అందుకే ఆండ్రాయిడ్ ఫోను వైఫైకి తగులుకోగానే గూగుల్ సర్వరును ఒక చిన్న పేజీ అడుగుతుంది. 204 అనే అంకెతో ఖాళీ జవాబొస్తే దారి ఉన్నట్టు. రాకపోతే విసనకర్ర పక్కన ఆశ్చర్యార్థకమో, ఇంటూ గుర్తో పెట్టి, చప్పుడు లేకుండా మొబైల్ డేటా మీదికి మళ్లుతుంది. గుర్తున్నా వైఫై నడవని తావు ఒకటి దొరికింది గనుక అల్లుడి హేతువు అనైకాంతికం, అంటే హేత్వాభాసం.

ఆశ్చర్యార్థకం ఏదీ లేదు కదా, నిండు విసనకర్రే ఉంది కదా అని అల్లుడు మళ్లీ లేస్తాడు. ఇక్కడే ‘వెలిగెను’ అన్న క్రియను పట్టుకోవాలి. అత్తగారు గుర్తును చూసింది సీరియల్ మొదలుపెట్టేముందు హాల్లో, మెసేజ్ వచ్చాక మళ్లీ హాల్లోకి వచ్చినప్పుడు. మధ్యలో ఫోను అడ్డంగా తిప్పి ఉంది, వీడియో తెర నిండా పరుచుకుని ఉంది, పైఅంచు మాయమై ఉంది. ఆ ముప్పావు గంటలో గుర్తు వెలిగిందో లేదో చూసినవారు ఈ ఇంట్లో లేరు. కొన్ని ప్రతుల్లో ‘వెలుఁగుచుండె’ అనే పాఠం కనబడుతుంది. యతి సరిపోతుంది గానీ మొదటి పాదం చివర ఇంద్రగణాలు కావాలి, ఇక్కడ సూర్యగణాలు పడ్డాయి. పైగా అది అల్లుడు దిద్దిన పాఠంలా ఉంది. గ్రాహ్యం కాదు.

ఇక దొంగ పేరు. ఐఫోనులో 2015లో ఐఓఎస్ 9తోపాటు ‘వైఫై అసిస్ట్’ అనే సదుపాయం వచ్చింది. వైఫై బలహీనపడితే తనంతట తానే మొబైల్ డేటాను వాడుకుంటుంది. ఎవరూ అడక్కుండానే ఆన్ చేసి ఉంటుంది. మొబైల్ డేటా సెట్టింగ్స్‌లో అట్టడుగుకు, వేలు నొప్పి పుట్టేదాకా జారితే కనబడుతుంది. తాను ఎంత తిన్నదో ఆ పేరు కిందే రాసి పెట్టుకుంటుంది కూడా. దొంగల్లో ఇంత నిజాయితీ అరుదు. శాంసంగ్ ఫోన్లలో ఇదే పని చేసేదానికి ‘స్విచ్ టు మొబైల్ డేటా’ అని పేరు. సీరియల్ ఆగకూడదన్న సదుద్దేశంతోనే ఇవన్నీ పనిచేస్తాయి. అవి పనిచేశాయి గనుకే అత్తగారికి ఒక్క క్షణం కూడా గుండ్రటి చక్రం తిరగలేదు, అనుమానమూ రాలేదు.

సిద్ధాంతం

గుర్తుండటం చాలదు. రెండో దారిని మూసి చూడటమే రుజువు. దీన్నే తార్కికులు వ్యతిరేకం అంటారు. మొబైల్ డేటా ఆపేసి, అత్తగారి మంచం మీదే కూర్చుని, ఇదివరకు తెరవని వీడియో ఒకటి పెట్టాలి. చూస్తున్నదే కొనసాగిస్తే, ముందే దిగి ఉన్న భాగం కాసేపు నడిచి మోసం చేస్తుంది. హాల్లో నిలబడి పరీక్షించే అల్లుళ్లు మరీ ఎక్కువ. రూటరు పక్కన వైఫై రాకుండా ఎక్కడికి పోతుంది? ఏరోప్లేన్ మోడ్ పెట్టి వైఫై ఒక్కటే ఆన్ చేస్తే పరీక్ష ఇంకా కట్టుదిట్టం. కానీ వైఫై కాలింగ్ లేకపోతే ఆ పది నిమిషాల్లోనే గుంటూరు నుంచి వియ్యపురాలు ఫోన్ చేస్తుంది.

తక్కిన ప్రమాణాలు దీనికి లోకువ. సెట్టింగ్స్‌లో యాప్ యాప్‌కీ మొబైల్ డేటా ఎంత ఖర్చయిందో లెక్క ఉంటుంది. ఇది ఆప్తవాక్యం, నమ్మదగింది. ఫోను ఐపీ చిరునామా 192.168తో మొదలైతే మంచిదే, 1994 నుంచి ఆ అంకెలు సొంత నెట్‌వర్కులకే కేటాయింపు. 169.254 అని ఉంటే మాత్రం రూటరు ఏ చిరునామా ఇవ్వలేదని, ఫోనే తనకొకటి తగిలించుకుందని అర్థం. రూటరు పేజీ తెరిచి, దానికి తగులుకున్న ఫోన్ల జాబితా చూద్దామంటే, ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు మ్యాక్ అడ్రసు దాచి మారు అడ్రసు చూపిస్తున్నాయి. ఆ తెలియని అడ్రసు చూసి ఎదురింటి కుర్రాడు మన వైఫై వాడుతున్నాడని ఇంట్లోవాళ్లు రెండ్రోజులు అతనితో మాటలు మానేశారు. అది అత్తగారి ఫోనే. స్పీడ్ టెస్టు ప్రమాణమే కాదు; 5జీ వచ్చాక సిమ్ము బ్రాడ్‌బ్యాండును దాటేయడం మామూలైపోయింది.

అలంకారం

కారణం కనబడకుండానే డేటా తీరిపోవడమనే కార్యాన్ని చెప్పడం వల్ల విభావన. ‘ఎవరు తినిరి’ అన్నచోట సందేహమని కొందరంటారు. అత్తగారు ఆ మాట అంటూ చూసింది అల్లుడి వైపే కాబట్టి, అక్కడ సందేహమేమీ లేదు.

తాత్పర్యం

వైఫై గుర్తు కనబడుతూండగా మొబైల్ డేటా ఎలా అయిపోయిందో, ఊరికే చెప్పక చూసి చెప్పమని అడగడం.

విశేషాంశాలు

అల్లుడు ఫోను చేతఁ బట్టి చూశాడు. మొబైల్ డేటా ఆపగానే వెనక గదిలో చక్రం తిరగడం మొదలైంది. రూటరు రెండు పౌనఃపున్యాల మీదా ఒకే పేరుతో ఉంది. ఫోను 5 గిగాహెర్ట్జ్‌ను పట్టుకుని వేళ్లాడుతోంది. అది వేగం గలదే గానీ గోడలు దాటడంలో 2.4 కన్నా నీరసం, ఇనుప బీరువా ముందు మరీను. రెంటికీ వేరు పేర్లు పెట్టి అత్తగారి ఫోనును 2.4కు కలపవచ్చు. రూటరును టీవీ వెనకనుంచి తీసి నడవాలో ఎత్తుగా పెట్టవచ్చు. అల్లుడు ఈ రెండింటి మీదా వీడియోలు చూస్తూ వారం గడిపాడు. అత్తగారు ఆగలేదు. వాలుకుర్చీ హాల్లో వేయించుకుని, టీవీకి ఎదురుగా కూర్చుని, ఫోనులో సీరియల్ పెట్టుకున్నారు. అల్లుడు ఇప్పుడు క్రికెట్ వెనక గదిలో చూస్తున్నాడు, సొంత డేటా మీద.